ప్రాజెక్ట్ జాంబాయిడ్‌లో బండి బాగుచేయడం: ఏళ్లు ఆడాక నా సమీక్ష

జాంబీ ఆటలు చాలా ఉన్నాయి. ఎక్కువ వాటిల్లో బండి కనబడితే ఎక్కుతాం, పేలిపోతే ఇంకోటి వెతుక్కుంటాం. ప్రాజెక్ట్ జాంబాయిడ్‌ని నేను ఇన్నేళ్లుగా వదలకపోవడానికి ముఖ్య కారణం ఇందులో బండ్లు అలా ఉండకపోవడమే. రోడ్డు వార ఆగిపోయిన ప్రతి బండిలోనూ ఏదో ఒకటి పనికొచ్చేది ఉంటుంది. మనం తోలుతున్న బండి మాత్రం తోలినకొద్దీ అరుగుతూనే ఉంటుంది. ఈ రెంటినీ లెక్క చూసుకుంటూ బతకడమే నాకు ఈ ఆట.

ఆట ఎలాంటిదో ముందు రెండు ముక్కల్లో. ది ఇండీ స్టోన్ అనే చిన్న స్టూడియో చేసింది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో 2013 నవంబరులో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, వచ్చింది. పైనుంచి ఏటవాలుగా కనిపించే దృశ్యం. కాలం 1993 జూలై, చోటు అమెరికాలోని కెంటకీ. మ్యాపులో ఉన్న మల్‌డ్రో, వెస్ట్ పాయింట్, లూయిస్‌విల్ నిజంగా ఉన్న ఊళ్లే. రివర్‌సైడ్, రోజ్‌వుడ్ లాంటివి కల్పించినవి. ‘నువ్వు చచ్చిపోయింది ఇలాగే’ అని ఆట మొదట్లోనే చెప్పేస్తుంది కాబట్టి గెలవడమంటూ ఏమీ లేదు. నేను ఎక్కువ కాలం ఆడింది 2021 డిసెంబరులో పూర్తి స్థాయిలో విడుదలైన 41వ బిల్డ్, అంటే 41వ వెర్షన్. ఇక్కడ రాసేదంతా దాని గురించే.

బండి దగ్గర నిలబడి మెకానిక్స్ తెర తెరిస్తే ఒక పక్క పైనుంచి చూసిన బండి బొమ్మ, ఇంకో పక్క భాగాల పట్టీ కనిపిస్తాయి. బ్యాటరీ, ఇంజన్, పెట్రోలు ట్యాంకు, సైలెన్సర్, టైర్లు, ఒక్కో చక్రానికి ఒక్కో బ్రేకు, ఒక్కో సస్పెన్షన్, డోర్లు, అద్దాలు, సీట్లు, హెడ్‌లైట్లు, రేడియో, బానెట్, డిక్కీ మూత. ప్రతిదానికీ ఎంత శాతం మిగిలిందో అంకె ఉంటుంది, పచ్చ నుంచి ఎరుపు దాకా రంగు ఉంటుంది. మొదట చూసినప్పుడు ఇదంతా అనవసరమైన గందరగోళంలా అనిపించవచ్చు. కొన్నాళ్లకు ఆ పట్టీలో ఒక్క వరస కూడా ఊరికే పెట్టలేదని తెలుస్తుంది. సైలెన్సర్ పాడైతే బండి చప్పుడు పెరుగుతుంది, ఆ చప్పుడుకి చుట్టుపక్కల జాంబీలన్నీ వెంటపడతాయి. ట్యాంకు దెబ్బతింటే పెట్రోలు కారిపోతుంది. డిక్కీ చితికితే అందులో పట్టే సామాను తగ్గుతుంది. బ్రేకులు అరిగితే బండి అనుకున్న చోట ఆగదు. బానెట్ బలహీనపడితే ఆ తర్వాత తగిలే దెబ్బలన్నీ ఇంజన్‌కే. అందుకే దారికి అడ్డంగా జాంబీలుంటే అనుభవమున్న ఆటగాళ్లు రివర్స్ గేరులో వెళ్లి గుద్దుతారు. డిక్కీ మూత పోయినా ఇంకోటి వెతుక్కోవచ్చు, ఇంజన్ పోతే బండే పోయినట్టు.

ఆట నన్ను కట్టిపడేసింది మరమ్మతు నియమాలతో. ట్యాంకుకీ, బానెట్‌కీ, డిక్కీ మూతకీ వెల్డింగ్ చేసి రేకు అతికించవచ్చు. టైర్లకీ, బ్రేకులకీ, సస్పెన్షన్‌కీ, అద్దాలకీ, బ్యాటరీకీ ఆ వెసులుబాటు లేదు. టైరులో గాలి తగ్గితే పంపుతో కొట్టుకోవచ్చు, బ్యాటరీ దిగిపోతే ఛార్జరుకి పెట్టవచ్చు, కానీ అరిగిన అరుగుదల మాత్రం వెనక్కి రాదు. కొత్త సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఆ లోకంలో ఇక లేదు. మంచి బ్రేకు కావాలంటే అది వేరే బండికి ఉండి ఉండాలి, లేదా ఏ గ్యారేజీ అరలోనో మిగిలి ఉండాలి. వేసవి పోయి చలికాలం వచ్చేసరికి ఊళ్లోని మంచి టైర్లన్నీ ఒకటొకటిగా మన బండికే చేరి అరిగిపోయి ఉంటాయి. అప్పుడు పక్క ఊరికి వెళ్లక తప్పదు. వెళ్లాలంటే టైర్లు కావాలి! ఆట మనల్ని ముందుకు నెట్టేది ఇలాగే, ఏ మిషనూ ఇవ్వకుండా, ఏ బాణం గుర్తూ చూపించకుండా.

దొరికిన భాగమల్లా బిగించుకునే వీలు కూడా లేదు. బండ్లు మూడు తరగతులు: స్టాండర్డ్, హెవీ డ్యూటీ, స్పోర్ట్. షెవలియర్ డార్ట్ లాంటి చిన్న కారు టైరు స్టెప్ వ్యాన్‌కి పట్టదు. కొసెట్ స్పోర్ట్స్ కారు సస్పెన్షన్ పికప్‌కి పనికిరాదు. బ్యాటరీ మాత్రం ఏ బండిదైనా ఏ బండికైనా సరిపోతుంది. ఒకే తరగతిలో మళ్లీ నాసిరకం, మామూలు, మేలురకం ఉంటాయి. అందువల్ల ఏ బండి ఎంచుకోవాలన్నది వేగం చూసో అందం చూసో తేల్చే విషయం కాదు. నేను చూసేది మా చుట్టుపక్కల ఆ తరగతి బండ్లు ఎన్ని పడి ఉన్నాయన్నదే. కొసెట్ దూసుకుపోతుంది, నిజమే. దానికి జోడీ బండి మాత్రం రోజంతా తిరిగినా కనబడదు. డార్టులూ, నయాలా అనే మామూలు కార్లూ ప్రతి వీధిలో ఉంటాయి. దీర్ఘకాలం ఆడేవాళ్లకి నా సలహా ఎప్పుడూ ఒకటే: రోజూ తిరగడానికి స్టాండర్డ్ తరగతి కారు, సామాను మోయడానికి హెవీ డ్యూటీ వ్యాను ఒకటి. స్పోర్ట్ జోలికి పోవద్దు.

ఇక పని ముట్లు. బ్యాటరీ, రేడియో, హెడ్‌లైట్ బల్బులు తీయడానికి స్క్రూడ్రైవర్ చాలు. టైరు విప్పాలంటే జాకీ, వీల్ పానా ఉండాలి. బ్రేకు, సస్పెన్షన్ తీయాలంటే ముందు టైరు విప్పాల్సిందే. ఈ వరస అసలు షెడ్డులో ఉన్నట్టే ఉంటుంది, ఎవరో నిజంగా చక్రం విప్పి చూసి రాసిన నియమంలా. ముట్లుంటే సరిపోదు, చెయ్యీ తిరగాలి. ప్రతి పనికీ విజయావకాశం శాతంలో కనిపిస్తుంది. నైపుణ్యం తక్కువగా ఉన్నప్పుడు పని తప్పితే చేతిలోని భాగమే దెబ్బతింటుంది. స్టాండర్డ్, హెవీ డ్యూటీ, స్పోర్ట్ బండ్లకి వేర్వేరు లేన్స్ ఆటో మాన్యువల్స్, అంటే ఆ తరగతి బండి పని నేర్పే పుస్తకాలు, ఉన్నాయి. మెకానిక్ వృత్తి తీసుకున్న పాత్రకి అవి ముందే తెలిసి ఉంటాయి. మిగతావాళ్లు పుస్తకాల షాపుల్లో, గ్యారేజీల్లో, పోస్టాఫీసుల్లో వెతుక్కోవాలి.

నైపుణ్యం పెంచుకునే తీరులో ఒక విసుగుంది, దాచను. ఒక బండిలో ఒక భాగం విప్పినందుకో బిగించినందుకో అనుభవం వస్తే, అదే భాగానికి మళ్లీ రావడానికి ఆటలో 24 గంటలు గడవాలి. కాబట్టి అందరూ చేసేది ఒకటే. పార్కింగ్ స్థలానికి వెళ్లి వరసగా అన్ని బండ్ల బల్బులు, రేడియోలు, బ్యాటరీలు తీసి మళ్లీ పెట్టడం. మర్నాడు మళ్లీ అదే. వాస్తవానికి దగ్గరగా ఉందనవచ్చు, ఏ పనైనా చేస్తేనే వస్తుంది కదా. కానీ గంటల తరబడి పచ్చ గీత నిండటం చూస్తూ కూర్చోవడంలో ఆట లేదు. చెడిపోయిన భాగం బాగుచేసినప్పుడు ఎక్కువ అనుభవం, ఉన్నదే తీసి పెట్టినప్పుడు తక్కువ ఇచ్చి ఉంటే ఈ తంతు దానంతటదే తగ్గేది. నైపుణ్య పుస్తకాలు ముందే చదివేసి మొదలుపెడితే భారం బాగా తగ్గుతుంది. వాటిని దాటేసి విప్పడం మొదలుపెట్టకండి.

ఇంజన్ సంగతి వేరుగా చెప్పాలి, ఈ వ్యవస్థకి గుండెకాయ అదే. ఇంజన్‌ని విప్పి వేరే బండికి పెట్టలేం. ఒక బండి ఇంజన్ నుంచి విడిభాగాలు తీసుకోవచ్చు, వాటితో ఇంకో ఇంజన్ బాగుచేయవచ్చు. తీసిన క్షణంలో ఆ మొదటి ఇంజన్ సున్నాకి పడిపోతుంది. ఎన్ని భాగాలు దక్కుతాయన్నది ఇంజన్ స్థితినీ మన నైపుణ్యాన్నీ బట్టి ఉంటుంది. అంటే చెయ్యి తిరగకముందే మంచి ఇంజన్ విప్పితే రావలసినంత రాదు. ఇంటి ముందు రెండు డార్టులు నిలబెట్టుకుని, ఒకదాని ఇంజన్ డెబ్బై శాతం, ఇంకోదానిది నలభై ఉన్నప్పుడు ఏం చేయాలి? డెబ్బై ఉన్నదాన్ని విప్పి నలభైని పెంచడం బుద్ధిలేని పనిలా కనిపిస్తుంది. ఇక్కడ ఇంకో అంకె అడ్డొస్తుంది, ఇంజన్ క్వాలిటీ. స్థితిని విడిభాగాలతో పెంచవచ్చు కానీ క్వాలిటీ పుట్టుకతో వచ్చింది, మారదు. క్వాలిటీ తక్కువైన ఇంజన్ ఒక్కసారి తాళం తిప్పితే స్టార్ట్ కాదు. వెనక జాంబీల గుంపు ఉన్నప్పుడు రెండోసారి, మూడోసారి తిప్పాల్సి రావడం ఎలా ఉంటుందో ఆడినవాళ్లకి తెలుసు. కాబట్టి నలభై శాతం ఇంజన్ క్వాలిటీ మేలైనదైతే, డెబ్బై శాతందాన్ని బలి ఇవ్వడమే సరి. ఇలాంటి నిర్ణయం ఏ ఇతర మనుగడ ఆటలోనూ నాకు ఎదురు కాలేదు. పచ్చగా కనిపిస్తున్న బండిని చేతులారా చంపి, ఎర్రగా ఉన్నదాన్ని బతికించడం!

తాళాల గురించి త్వరగా చెప్పేస్తాను. తాళం ఇగ్నిషన్‌లో ఉండొచ్చు, గ్లవ్ బాక్సులో ఉండొచ్చు, బండి దగ్గర తిరుగుతున్న జాంబీ జేబులో ఉండొచ్చు. లేకపోతే వైర్లు కలిపి స్టార్ట్ చేయాలి, దానికి ఎలక్ట్రికల్ నైపుణ్యం 1వ స్థాయిలో, మెకానిక్స్ 2వ స్థాయిలో ఉండాలి. దొంగ వృత్తి పాత్రకి ఆ అవసరం లేదు. అద్దం పగలగొడితే కొన్ని బండ్లకి అలారం మోగుతుంది. తాళం చెవి దొరకని మంచి బండి అద్దం పగలగొట్టేముందు ఆ అద్దం మళ్లీ దొరకాలని గుర్తుపెట్టుకోండి.

నేను పెట్టుకున్న ఒక పద్ధతి చెబుతాను, చాలామందికి పనికొస్తుంది. ఆటలో పెన్నో పెన్సిలో చేతిలో ఉంటే మ్యాపు మీద రాసుకోవచ్చు. ఏ సందులో ఏ బండి ఉంది, తరగతి ఏది, టైర్లు ఎలా ఉన్నాయి, బ్యాటరీ ఉందా తీసేశానా అన్నీ రాసుకుంటాను. కనబడగానే అన్నీ విప్పి ఇంటికి మోసుకెళ్లను. టైర్లు బరువు, డిక్కీ నిండిపోతుంది. పైగా ఆగి ఉన్న బండికి బిగించి ఉన్న టైరు అరగదు. అది మనకి ఖర్చులేని గోడౌను. పెట్రోలూ అంతే. కరెంటు పోయాక బంకులో పంపు పనిచేయాలంటే జనరేటర్ కావాలి. అప్పటిదాకా ఖాళీ డబ్బాతో ఆగి ఉన్న బండ్ల ట్యాంకుల నుంచి లాగుకోవచ్చు. చక్రాలున్న బండిని ఏకంగా లాక్కొచ్చే వీలు కూడా 41వ బిల్డ్‌లో ఉంది. తాడు అక్కర్లేదు, రెండు బండ్లూ దగ్గరగా ఉంటే చాలు. నిప్పంటుకుని కాలిపోయిన బండ్లని గ్యాస్ టార్చి, వెల్డింగ్ మాస్కుతో కోసుకుంటే రేకులు, గొట్టాలు వస్తాయి. అవే తిరిగి బానెట్ మరమ్మతుకి పనికొస్తాయి.

ఒంటరిగా ఆడటం కంటే నలుగురితో ఆడితే ఈ వ్యవస్థ ఇంకా బాగా పలుకుతుంది. మా బావ టెక్సస్‌లో ఉంటాడు, శని, ఆదివారాల్లో కలిసి ఆడతాం. తను కాపలా, నేను మెకానిక్. ‘బావా, ఇంకో నట్టు, ఆగు’ అని నేనంటుంటే, ‘నీ నట్టు సంగతి తర్వాత, రెండో వైపు నుంచి వస్తున్నాయ్’ అని తను అరుస్తుంటాడు. టైరు విప్పుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూడలేం, ఆ కాసేపు ప్రాణం ఇంకొకరి చేతిలో ఉంటుంది. మాటలు కలవడానికి ఇంతకంటే మంచి సాకు దూరాన ఉన్న చుట్టాలకి దొరకదనిపిస్తుంది.

లోపాలు ఇంకా ఉన్నాయి. మెకానిక్స్ తెరలో ఒక భాగం ఎందుకు తీయలేకపోతున్నామో తెలుసుకోవాలంటే కుడి క్లిక్ చేసి మెనూలో ఎర్ర అక్షరాలు వెతుక్కోవాలి. ఏ తరగతి టైరు ఏదో సామాను సంచిలో చూడగానే తేలదు. ఒక్కో టైరు మీదా మౌస్ పెట్టి చూడాలి. ఇంజన్ క్వాలిటీ ఎంత ముఖ్యమో ఆట ఎక్కడా నేర్పదు. కొత్తవాళ్లు స్థితి అంకె ఒక్కటే చూసి మోసపోతారు. గుద్దినప్పుడు జరిగే నష్టం కూడా ఒక్కోసారి లెక్కకి అందదు. నెమ్మదిగా చెట్టుకి తగిలితే బానెట్ సగానికి దిగుతుంది, వేగంగా కంచె దాటితే ఏమీ కాదు.

కొనాలా వద్దా అంటే, తుపాకుల ఆట కోరుకునేవాళ్లు వద్దు. సామాను లెక్కలు, ఓపిక, అరుగుదల మీద ఆసక్తి ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనండి. మామూలు కంప్యూటర్ మీద కూడా బాగానే నడుస్తుంది. మొదటిసారి ఆడేవాళ్లు మెకానిక్ వృత్తితో, రివర్‌సైడ్‌లోనో రోజ్‌వుడ్‌లోనో మొదలుపెట్టండి. ఆట నియమాలు మనమే మార్చుకునే శాండ్‌బాక్స్ అమరికల్లో బండ్ల సంఖ్య మామూలుగా ఉంచి, వాటి స్థితి మాత్రం ‘లో’కి తగ్గించండి. బండ్లు మరీ ఎక్కువ పెడితే ప్రతి మలుపులో కొత్త టైర్లు దొరికి పైన చెప్పిన నిర్ణయాలేవీ ఎదురుకావు. మరీ తక్కువ పెడితే విప్పడానికి బండే ఉండదు. తాళాలు, అలారాలు మాత్రం అలాగే ఉంచండి. మొదటి వారంలో చేయాల్సిన పని ఒకటే: జాకీ, వీల్ పానా, స్క్రూడ్రైవర్ సంపాదించి డిక్కీలో వేసుకోండి, అవి లేకుండా ఊరు దాటొద్దు.