మెడ నొప్పికి ఏ దిండు మేలు: దూదా, ఫైబరా, మెమరీ ఫోమా, లేటెక్సా?

పొద్దున లేవగానే మెడ పట్టేసి, ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూడాల్సి వస్తోందంటే అందరూ ముందు అడిగేది ఒకటే, ఏ దిండు కొనమంటారు అని. నేనైతే ముందు తిరిగి అడుగుతా, మీరు ఎలా పడుకుంటారు, పరుపు ఎలాంటిది అని. ఎందుకంటే దిండులో ఏం నింపారు అన్నదానికంటే తల పెట్టాక అది ఎంత ఎత్తులో ఆగుతుంది అన్నదే మెడకి ముఖ్యం, షాపులో మాత్రం ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ చెప్తారు.

మెడలో ఏడు ఎముకలుంటాయి, అవి కొంచెం ముందుకి వంపు తిరిగి ఉంటాయి, ఆ వంపుని రాత్రంతా చెడగొట్టకుండా ఉంచడమే దిండు పని. వెల్లకిలా పడుకునేవాళ్లకి మెడ కింద ఖాళీ నిండాలి కానీ తల మరీ పైకి లేవకూడదు, గడ్డం ఛాతీ వైపు వంగుతోందంటే దిండు ఎత్తు ఎక్కువైనట్టే, నొక్కుకున్నాక సుమారు మూడు నాలుగు అంగుళాలు మిగిలితే చాలామందికి సరిపోతుంది. పక్కకి తిరిగి పడుకుంటే లెక్క వేరే, చెవికీ భుజం చివరకీ మధ్య ఉన్న ఖాళీ మొత్తం దిండే మోయాలి కాబట్టి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కావాలి, భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్లకి ఇంకాస్త. బోర్లా పడుకునేవాళ్లకి ఏ దిండూ పెద్దగా చేసేదేం లేదు, గంటలకొద్దీ మెడ ఒక పక్కకే మెలితిరిగి ఉంటుంది కదా, అలవాటు మానలేకపోతే బాగా పల్చటిది వాడండి లేదా అసలు దిండే మానేయండి.

ఇందులో పరుపు కూడా ఒక పార్టీనే. మెత్తటి ఫోమ్ పరుపులో భుజం లోపలికి దిగిపోతుంది కాబట్టి తక్కువ ఎత్తు దిండు చాలు, అదే చాప మీదో గట్టి కొబ్బరిపీచు పరుపు మీదో అయితే భుజం దిగదు, ఎత్తు ఎక్కువ కావాలి. ఒకే దిండు అన్నయ్యకి బ్రహ్మాండంగా ఉండి తమ్ముడికి నొప్పి తెప్పించేది చాలాసార్లు ఇందుకే.

సరే, ఇప్పుడు రకాల్లోకి వద్దాం. ముందు మన దూది దిండు. దీన్ని పాతకాలం సరుకు అని తీసిపారేస్తారు గానీ దీనికున్న ఒక సుగుణం ఖరీదైన వాటిలో చాలావాటికి లేదు, ఎత్తు ఎక్కువనిపిస్తే కుట్టు విప్పి రెండు గుప్పెళ్ల దూది తీసేయొచ్చు, తక్కువైతే ఇంకాస్త కూరించొచ్చు, అంటే మన మెడకి కొలత పెట్టి చేయించుకున్నట్టే. గాలాడుతుంది, ఎండలో వేసి తట్టొచ్చు. కాకపోతే పత్తి దూది చెమటని పీల్చుకుంటుంది, కొన్నాళ్లకి గడ్డకట్టి మధ్యలో గుంట పడుతుంది, అప్పుడు మళ్లీ ఏకించాలి, ఏకేవాళ్లు ఇప్పుడు అన్ని ఊళ్లలో దొరకరు కూడా. బూరుగు దూది అయితే తేలిక, తేమ పట్టదు, ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో నింపింది కూడా ఇలాంటి బూరుగు దూదినే. ఇది కూడా మెత్తగా ఉన్నంతకాలం హాయిగా ఉండి తర్వాత అణిగిపోయే రకమే, వెల్లకిలా పడుకునేవాళ్లకి ఓకే, పక్కకి పడుకునేవాళ్లకైతే బాగా దట్టంగా కూరించాలి.

ఫైబర్, అంటే పాలిస్టర్ పీచు నింపిన దిండ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చవక, వాషింగ్ మెషీన్లో వేయొచ్చు, కొన్నరోజు చూస్తే బూరెలా పొంగి ఉంటుంది, ఏడాది రెండేళ్లలో అప్పడం అయిపోతుంది. మధ్యకి మడిచి వదిలితే మళ్లీ విచ్చుకోకుండా అలాగే పడుందంటే దాని పని అయిపోయినట్టే, ఇంకా మెడ కింద పెట్టుకోకండి. రెండు పెట్టుకుంటే సరిపోతుందిలే అనుకుంటారు కొందరు, అవి రాత్రి ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి, వెల్లకిలా పడుకుంటే తల ముందుకి తోసేస్తాయి కూడా.

మెమరీ ఫోమ్ దగ్గరే అసలు హడావిడంతా. ఇది 1966లో నాసా ప్రాజెక్టులో విమానం సీట్ల కోసం తయారైన ఫోమ్, ఒంటి వేడికి మెత్తబడి తల ఆకారంలోకి ఒదిగిపోవడం దీని గుణం, అది నిజమే, పక్కకి పడుకునేవాళ్లకి మెడ కింద ఖాళీ లేకుండా బాగానే మోస్తుంది. అయితే వేడికి మెత్తబడేది చలికి గట్టిపడుతుంది కూడా, డిసెంబర్లో హైదరాబాద్‌లోనో, ఏసీ బాగా పెంచిన గదిలోనో మొదట పడుకున్నప్పుడు చెక్కలా అనిపిస్తుంది, మేలో విజయవాడలో ఏసీ లేకపోతే వేడిని పట్టేసుకుని తల తడిసి ముద్దవుతుంది. కూలింగ్ జెల్ అని పైన పూస్తారు, ఆ చల్లదనం కాసేపే. కొత్తలో ఒక వాసన వస్తుంది, నాలుగు రోజులు గాలికి పెడితే పోతుంది. ఎండలో మాత్రం పెట్టకండి, నీళ్లలో ముంచకండి, గలీబు మాత్రమే ఉతకాలి.

ఇందులోనే ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క తక్కువగా, మధ్యలో పల్లంగా ఉండే సర్వైకల్ పిల్లో ఉంటుంది, నొప్పి అనగానే అందరూ అదే చెప్తారు. కదలకుండా వెల్లకిలా పడుకునేవాళ్లకి ఆ ఎత్తు సరిగ్గా కుదిరితే చాలా బాగుంటుంది, రాత్రంతా అటూఇటూ దొర్లే మనిషికి మాత్రం ఆ గట్టు ఎప్పుడూ ఉండకూడని చోటే ఉంటుంది. చాలావాటిలో ఆ రెండు ఎత్తులు తప్ప మార్చే వీలు ఉండదు కాబట్టి కుదిరితే అదృష్టం, లేకపోతే మూలన పడుంటుంది.

లేటెక్స్ రబ్బరు పాలతో చేసేది, కేరళలో రబ్బరు తోటలు ఎక్కువ కాబట్టి మన దేశంలో అక్కడి సరుకే బాగా కనిపిస్తుంది. తల పెట్టగానే దిగుతుంది, ఎత్తగానే లేస్తుంది, మెమరీ ఫోమ్‌లా నిదానంగా కాదు, అందుకే పక్కలు మార్చేవాళ్లకి ఇది హాయి. రంధ్రాలుంటాయి కాబట్టి వేడి తక్కువ, చలికి గట్టిపడదు, ఫైబర్ కంటే చాలా ఏళ్లు ఆగుతుంది. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, ఎండలో పెడితే పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరు పడనివాళ్లు దూరంగా ఉండాలి.

నన్నడిగితే, మన వేడికి, పక్కకి తిరిగి పడుకునే అలవాటుకి లేటెక్స్ ముందు, డబ్బు పెట్టలేకపోతే దట్టంగా కూరించిన దూది దిండు తర్వాత. మెమరీ ఫోమే కావాలంటే జిప్పు తీసి లోపల ముక్కలు తగ్గించుకునే రకం తీసుకోండి, ఒకే దిమ్మలా ఉన్నది కాదు. అయితే చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తగ్గడం, నొప్పి భుజం మీదుగా వేళ్లదాకా పాకడం ఉంటే దిండ్లు మారుస్తూ కూర్చోకండి, డాక్టర్‌కి చూపించండి.

కొన్నాక ఇంట్లో ఎవరినైనా వెనకనుంచి ఒక ఫొటో తీయమనండి, మీ పరుపు మీద, మీరు రోజూ పక్కకి పడుకునే తీరులోనే. తల మధ్య నుంచి వీపు దాకా వెన్నెముక ఒకే గీతలో ఉండాలి, తల కిందకి వాలితే దిండు పల్చన, పైకి లేస్తే ఎత్తు ఎక్కువ, భుజం దిండు ఎక్కేస్తే మీరే కొంచెం కిందకి జరగాలి. ఈ పని ప్లాస్టిక్ కవర్ తీయకుండానే, లేబుల్ చింపకముందే చేయండి, ఒకసారి వాడిన దిండుని చాలా షాపులు వెనక్కి తీసుకోవు.