కారు క్లీనింగ్ కిట్టు, సన్ ఫిల్మ్ రోలు: మన దుమ్ముకు, మన బోరు నీళ్ళకు ఏది పనికొస్తుంది?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఆటో యాక్సెసరీస్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇప్పుడు రెండు రకాల ప్యాకెట్లు బాగా అమ్ముడవుతున్నాయి. ఒకటి క్లీనింగ్ కిట్టు: షాంపూ, వ్యాక్స్, డ్యాష్‌బోర్డ్ పాలిష్, టైరు పాలిష్, రెండు మైక్రోఫైబర్ బట్టలు, ఒక స్పాంజి. రెండోది సన్ ఫిల్మ్ రోలు, దాంతో పాటు ప్లాస్టిక్ స్క్వీజీ (ఫిల్మ్ కింది నీళ్ళు బయటికి లాగే పట్టీ), చిన్న కట్టర్. మొదటి దాంట్లో సగం సామాను కొనదగ్గదే. రెండోదాన్ని మాత్రం లెక్క చూసుకోకుండా కొనొద్దు. డబ్బా మీద 50 శాతం వెలుతురు పోనిస్తుందని రాసిన ఫిల్మ్ అద్దానికి అతికాక 50 శాతంగా ఉండదు, చిక్కంతా అక్కడే.

ముందు దుమ్ము సంగతి. మన దగ్గర కారు మీద పడేది ఒక్క రకం దుమ్ము కాదు. మఠంపల్లి, హుజూర్‌నగర్, వాడపల్లి వైపు సిమెంటు పొడి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల చుట్టుపక్కల ఊక బూడిద. పాలమూరు వైపు ఎర్ర దుబ్బ, క్రషర్ల దగ్గర రాతిపొడి. ఊక బూడిదలో ఎక్కువ పాలు సిలికా, ఇసుకలో ఉండేది కూడా అదే. పొద్దున్నే పొడి గుడ్డతోనో ఈకల బ్రష్‌తోనో దులిపితే ఆ సిలికా పెయింటు మీద అరగదీస్తుంది. ఎండలో పక్కకు వంగి చూస్తే బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్న గీతల్లో చాలా మటుకు ఇలా దులపడం వల్ల వచ్చినవే. పెయింటు పైనున్న క్లియర్‌కోట్ మందం చాలా కార్లలో 35 నుంచి 50 మైక్రాన్లే. గీతలు పోవాలంటే పాలిష్ పట్టించాలి, పట్టించిన ప్రతిసారీ ఆ కోటింగు కొంచెం అరుగుతుంది. కాబట్టి పొడిగా తుడవడం పూర్తిగా మానేయడమే అన్నిటికంటే అగ్గువ వైద్యం. సిమెంటు పొడి ఇంకా మొండిది. మంచు తడి తగిలితే పెయింటు మీదే గట్టిపడుతుంది, పైగా దానికి క్షారగుణం ఉంది. గోటితో, బ్లేడుతో గీకొద్దు. తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి నీడలో చల్లి, ఒకటి రెండు నిమిషాలు ఆగి కడగాలి. పోకపోతే మళ్ళీ అదే పని చేయాలి గాని ఎక్కువసేపు నాననివ్వొద్దు. అల్యూమినియం, క్రోమ్ భాగాల మీద పడితే వెంటనే కడిగేయాలి.

ఇక నీళ్ళు. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గాని కారు మీద తెల్ల మచ్చలకు కారణం ఫ్లోరైడ్ కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బోరు నీళ్ళతో మధ్యాహ్నం కడిగితే చుక్క ఆరిపోయి, చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది. ఆ అంచు మీద రోజూ ఎండ పడితే పెయింటులోకి దిగుతుంది, అద్దం మీదైతే వెనిగర్‌కూ లొంగదు. అప్పుడు సీరియం ఆక్సైడ్ గ్లాస్ పాలిష్ తప్ప దారి లేదు. దీనికి పిరమైన మందులేవీ అక్కర్లేదు. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొని, ఇంట్లో బోరు నీళ్ళు, నల్లా నీళ్ళు రెండూ కొలవండి. ఏది తక్కువుంటే దాంతో కడగండి. చివరి కడుగుకు మాత్రం ఊళ్ళో వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన ఆర్వో నీళ్ళు సగం క్యాను, అంటే పది లీటర్లు వాడండి. స్ప్రే కొట్టొద్దు. మగ్గుతో పైకప్పు మీంచి మెల్లగా ధారగా పోస్తే నీళ్ళు పొరలా జారిపోతాయి, చుక్కలు తక్కువ నిలుస్తాయి. ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, వాటిని బకెట్లో పట్టి పెట్టుకుంటే అద్దాలు తుడవడానికి, షాంపూ కలపడానికి చక్కగా పనికొస్తాయి.

కిట్టులోని షాంపూ మంచి సరుకే. సీసా మీద ఎంత రాసి ఉంటే అంతే కలపాలి. చాలా వాటికి పది లీటర్లకు 30 మిల్లీలీటర్ల దాకా సరిపోతుంది. ఎక్కువ పోస్తే నురగ పెరుగుతుంది గాని మురికి ఎక్కువ పోదు, కడగడానికి నీళ్ళు రెట్టింపవుతాయి. బట్టల సర్ఫు, గిన్నెల లిక్విడ్ వాడితే పాత వ్యాక్స్ మొత్తం ఊడిపోతుంది. స్పాంజి మాత్రం కిట్టు తెరిచిన రోజే పక్కన పెట్టేయండి. దాని ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి ఇసుక రేణువు లోపలికి పోయే చోటు లేదు, పెయింటుకూ స్పాంజికీ మధ్యే నలుగుతుంది. పోగులు పొడుగ్గా ఉన్న మైక్రోఫైబర్ చేతి తొడుగు విడిగా కొనండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూది, ఒకటి మంచి నీళ్ళది. టైర్లు, రిమ్ములు ముందు కడిగి, తర్వాత బాడీని పై నుంచి కిందికి కడగాలి. ఒక్కో భాగం అయ్యాక తొడుగును నీళ్ళ బకెట్లో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. చివరికి ఆ నీళ్ళ బకెట్ అడుగున పేరుకున్న ఎర్రమట్టిని చూస్తే రెండో బకెట్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

కిట్టులో వచ్చే మైక్రోఫైబర్ బట్టలు ఎక్కువగా 300 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) చుట్టూ ఉంటాయి. లోపల తుడవడానికి, అద్దాలకు అవి చాలు. బాడీ తడి తీయడానికి 800 జీఎస్ఎం పైనున్న పెద్ద తువ్వాలు కావాలి. దాన్ని రుద్దొద్దు, పరిచి ఒత్తి ఎత్తాలి. కొత్త బట్ట కొన్నాక అంచు ఒకసారి వేళ్ళ మధ్య నలిపి చూడండి. నైలాన్ దారంతో గట్టిగా కుట్టిన అంచు గీత పెడుతుంది, బ్రాండు లేబులు కూడా అంతే. లేబులు కత్తిరించి, అనుమానముంటే పాత సీడీ వెనక వైపు రుద్ది చూడండి. దాని మీద గీత పడితే ఆ బట్ట టైర్లకే. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపొద్దు, కంఫర్టు లాంటి సాఫ్ట్‌నర్ వేయొద్దు. పోగులకు పూత పట్టి నీళ్ళు పీల్చడం మానేస్తాయి.

కిట్టులో లేనిది, తప్పక ఉండాల్సింది క్లే బార్, అంటే పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద. కడిగి ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి బానెట్ మీద నిమరండి. గరుకుగా తగిలితే పెయింటుకు సిమెంటు, బ్రేకు పొడి, చెట్టు జిగురు అంటుకున్నట్టే. 100 గ్రాముల ముక్కను నాలుగు చేసి, ఒక్కటే తీసుకుని అరచేతిలో బిళ్ళలా ఒత్తండి. షాంపూ నీళ్ళు బాగా చల్లి, అడుగు చదరం చోటులో ఏ బలమూ పెట్టకుండా నిలువుగా, అడ్డంగా జరపండి. గరుకు చప్పుడు ఆగిందంటే అక్కడ పని అయినట్టే. ముక్క మురికైతే మడిచి కొత్త ముఖం తీయాలి. నేల మీద పడితే మాత్రం కడిగి వాడే ఆలోచన వద్దు, పారేయాలి. సంవత్సరానికి రెండుసార్లు చాలు, అది అయ్యాక వ్యాక్స్ తప్పనిసరి.

వ్యాక్స్ విషయంలో మన ఎండను లెక్కలోకి తీసుకోవాలి. తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో ఆరుబయట నిలిపిన నల్ల కారు బానెట్ ఆ అంకెకు బాగా దగ్గరగా పోతుంది. అందుకే కార్నౌబా మెరుపు ఎంత అందంగా ఉన్నా వేసవిలో కొన్ని వారాలకే తగ్గిపోతుంది. అదే డబ్బుకు సింథటిక్ సీలెంట్ (వ్యాక్స్ బదులు పూసే రసాయన పూత) ఎక్కువ కాలం నిలుస్తుంది, మన ప్రాంతానికి అదే సరైన ఎంపిక. పొద్దున ఏడు లోపలో సాయంత్రమో, ముట్టుకుంటే బానెట్ చల్లగా ఉన్నప్పుడు, పల్చగా పట్టించాలి. మందంగా పూస్తే తుడిచేటప్పుడు జిడ్డు చారలు మిగలడం తప్ప లాభం లేదు. ఇంట్లో పూసుకునే 9హెచ్ సిరామిక్ కోటింగు సీసాల మీద ఉన్న ఆ 9హెచ్ పెన్సిల్ గట్టిదనం కొలత. హైవే మీద లారీ టైరు నుంచి ఎగిరిన కంకర రాయిని అది ఆపదు. నీళ్ళు జారడం, మురికి తేలిగ్గా పోవడం కోసమైతే కొనండి.

డ్యాష్‌బోర్డ్ పాలిష్ అక్కర్లేదు. సిలికాన్ మెరుపు ఎదుటి అద్దంలో ప్రతిబింబించి ఎండలో కళ్ళు చెదురుతాయి, జిడ్డుకు దుమ్ము ఇంకా అంటుకుంటుంది. తడి మైక్రోఫైబర్ చాలు. టైరు పాలిష్ నీటి ఆధారమైనదైతే సరే. ఇంకొక మాట: సర్వీసింగ్ సెంటర్లో బండి కింద డీజిల్ కొడతామంటే వద్దనండి. రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి.

సన్ ఫిల్మ్ కొనేముందు చట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 100వ రూలు ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఏ శాతమైనా సరే ఫిల్మ్ అతికించడమే కుదరదంది. తర్వాత రూలు సవరించి సేఫ్టీ గ్లేజింగ్ అనే మాట చేర్చారు, లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా అందులోకి వస్తుంది. దాని ఆధారంగా 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు వెలుతురు ఆ శాతాలకు తగ్గకుండా ఉంటే ఫిల్మ్‌కు అభ్యంతరం లేదంది. మన రోడ్ల మీద పోలీసులు ఆపి బ్లాక్ ఫిల్మ్ పీకేసి చలానా రాయడం మాత్రం ఆగలేదు. నల్ల ఫిల్మ్ ఎవరు ఎంత అగ్గువకు ఇచ్చినా తీసుకోవద్దు.

ఇప్పుడు లెక్క. కంపెనీ అద్దానికే కొంత లేత రంగు ఉంటుంది. దాని గుండా 75 శాతం వెలుతురు వస్తుందనుకుంటే, 50 శాతం ఫిల్మ్ వేశాక మిగిలేది 37.5 శాతం. అంటే హద్దు దాటినట్టే. 70 శాతం ఫిల్మ్ వేస్తే 52.5. కాబట్టి పక్క అద్దాలకు 70 శాతం కంటే ముదురు రోలు వేయడానికి లేదు. ముందు అద్దానికైతే ఆ కాస్త వెసులుబాటు కూడా లేదు, దాన్ని ముట్టుకోకండి. అక్కడ మెటల్ పొర ఉన్న ఫిల్మ్ వేస్తే ఫాస్టాగ్ కూడా సరిగ్గా చదవదు, పంతంగి, కొర్లపహాడ్ టోల్‌ప్లాజాల దగ్గర వెనక బండ్లన్నీ హారన్ కొడతాయి. పార్కు చేసినప్పుడు వెండి రంగు సన్‌షేడ్ పెట్టుకుంటే ముందు అద్దానికి అది చాలు.

లేత ఫిల్మ్ వేడిని ఏం ఆపుతుందని చాలామంది అడుగుతారు. ఎండలో దాదాపు సగం శక్తి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది, దాన్ని ఆపడానికి నలుపు అవసరం లేదు. అగ్గువ రోళ్ళలో ఉండేది ఉత్త రంగు. అది వెలుతురు తగ్గిస్తుంది, వేడిని పెద్దగా ఆపదు, రెండు మూడు వేసవులకు ఊదా రంగుకు తిరిగి పొక్కులు లేస్తుంది. సిరామిక్ ఫిల్మ్, లేదా 3ఎం క్రిస్టలైన్ లాంటి బహుళ పొరల ఫిల్మ్ 70 శాతం రకంలోనే వేడిని బాగా ఆపుతుంది. డబ్బా మీద శాతంతో పాటు టీఎస్ఈఆర్ అనే అంకె చూడండి, మొత్తం ఎండ శక్తిలో ఎంత ఆపుతుందో చెప్పేది అదే. ఆ అంకె లేని రోలు కొనొద్దు.

రోలు వెడల్పు ఇంకో మోసం. 50 సెంటీమీటర్ల రోలు చాలా కార్ల ముందు డోర్ అద్దానికి చాలదు, ఎందుకంటే రబ్బరు బీడింగు లోపలికి దిగిన భాగం కూడా కప్పాలి. 75 సెంటీమీటర్లది తీసుకుని, ప్రతి వైపూ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ పెట్టుకుని కొలవండి.

అతికించే పని గాలి ఆడని షెడ్డులో, నేల తడిపి మొదలుపెట్టాలి. లీటరు ఆర్వో నీళ్ళకు నాలుగైదు చుక్కలు రంగు లేని బేబీ షాంపూ. తక్కువైతే ఫిల్మ్ జరగదు, ఎక్కువైతే గమ్ పట్టదు. డోర్ స్విచ్‌ల మీద తువ్వాలు కప్పండి. అద్దం లోపలి వైపు తడిపి కొత్త బ్లేడుతో గీకి, అంచుల దాకా కడగండి. ఫిల్మ్‌ను ముందు బయటి వైపు పరిచి, లైనర్ (గమ్ మీద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర) మీ వైపు ఉండేలా పెట్టి ఆకారం కోయండి. లైనర్ ఏ వైపో తెలియకపోతే మూలకు రెండు వైపులా టేపు ముక్కలు అంటించి లాగితే విడిపోతుంది. అద్దం ఒక సెంటీమీటరు దించి, లైనర్ పై మూడింట రెండొంతులు మాత్రమే తీయండి. అద్దం, గమ్ వైపు, చేతివేళ్ళు మూడూ తడిపి, పై అంచుకు రెండు మిల్లీమీటర్లు వదిలి అతికించి, మధ్య నుంచి బయటికి స్క్వీజీ లాగండి. తర్వాత అద్దం పూర్తిగా ఎత్తి, మిగతా లైనర్ తీసి, కింది అంచును బీడింగు లోపలికి దోపాలి. దుమ్ము అంటుకునేది ఎక్కువగా ఇక్కడే. బీడింగు ఫెల్టు మీద మాస్కింగ్ టేపు వేసి, తడిపి పెట్టుకుంటే బాగా తగ్గుతుంది. కిట్టులో వచ్చే స్క్వీజీ గరుకుగా ఉంటుంది, మైక్రోఫైబర్ చుట్టి వాడండి.

వెనక అద్దానికీ ముందు అద్దం లాగే 70 శాతం హద్దు, కాబట్టి దాన్నీ ముట్టుకోకండి. పైగా రెండు వైపులా వంపు ఉండటంతో హీట్‌గన్‌తో కుదించాలి, బ్లేడు జారితే డీఫాగర్ గీత (అద్దం మీది ఆవిరిని వేడితో పోగొట్టే తీగ) తెగుతుంది, తెగితే ఆ గీత పనిచేయదు.

అతికించాక వేసవిలో నాలుగు రోజులు, వానాకాలంలో రెండు మూడు వారాలు అద్దాలు దించొద్దు. ఇంట్లో పిల్లలుంటే స్విచ్‌ల మీద టేపు వేయండి. మొదటి వారం మబ్బు పట్టినట్టు, చిన్న నీటి బుడగల్లా కనిపిస్తే కంగారుపడి పొడవొద్దు, ఎండకు ఆరిపోతాయి. నెల తర్వాత కూడా వేలికి గట్టిగా తగిలే పొక్కు ఉంటే లోపల దుమ్ము రేణువు ఉన్నట్టు. అది ఆరదు, ఆ ఒక్క అద్దం ఫిల్మ్ తీసి కొత్తది వేయాల్సిందే.