ఒక్కరోజు వర్క్‌షాపా, నెలనెలా తోటివారి సంఘమా?

వెన్నుపాము దెబ్బతిని వీల్‌చైర్ వాడేవాళ్ల ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న ఇది. ఉన్న ఓపికని, ఆటో డబ్బుల్ని దేనికి ఖర్చుపెట్టాలి: హక్కులు, కార్డుల గురించి చెప్పే ఒక్కరోజు వర్క్‌షాప్‌కా, తమలాంటివాళ్లు నెలకోసారి కలిసే సంఘానికా?

ఖర్చు: వర్క్‌షాప్ ఉచితమే అయినా జిల్లా కేంద్రం దాకా వెళ్లాలి, తోడొచ్చేవాళ్ల ఆ రోజు కూలి పోతుంది. సంఘం దగ్గర్లోనే కూర్చుంటుంది.

శ్రమ: వర్క్‌షాప్‌కి ఒక్కరోజు ఓర్చుకుంటే చాలు. సంఘానికి ఎవరో ఒకరు నెలనెలా ఫోన్లు చేసి అందరినీ పిలవాలి. ఆ ఒక్కరు అలసిపోతే అది ఆగిపోతుంది.

నేర్చుకునేది: 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందని, యూడీఐడీ కార్డుకి (వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఎలా దరఖాస్తు చేయాలో వర్క్‌షాప్‌లో పద్ధతిగా చెబుతారు. ఒంటి సంగతులు మాత్రం తోటివాళ్ల దగ్గరే తెలుస్తాయి. మా సంఘంలో ఒక అక్క, ఒకేచోట కూర్చోవడంతో పుండ్లు పడుతున్నాయేమో చేతి అద్దంతో పిరుదుల కింద ఎలా చూసుకోవాలో చూపించింది. ఎర్రబడినచోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే అక్కడ ఇక బరువు పడనివ్వకూడదు, డాక్టరుకి చూపించాలి. మన చర్మపు రంగులో ఎరుపు సరిగా తెలియదు కాబట్టి వేడిగా, గట్టిగా ఉందేమో తాకి కూడా చూడమంది. ఆ మాట ఎంతమందిని పుండ్ల నుంచి కాపాడిందో!

రిస్క్: సంఘంలో ఒకరికి పడిన మందు ఇంకొకరికి చెప్పేస్తారు, అది వినకండి. వర్క్‌షాప్ అయ్యాక సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరు.

కొత్తగా గాయమై, కాగితాలేవీ లేనివాళ్లు ముందు వర్క్‌షాప్‌కి వెళ్లండి. కాగితాలన్నీ ఉండి, ఏడాదిగా గడప దాటనివాళ్లకు సంఘమే కావాలి.