70-300 లెన్స్‌తో ఐదేళ్ల నడక: వాడి చూశాక

ఈ లెన్స్ జూమ్ రింగు మీద ఉన్న రబ్బరు పట్టీ వదులైపోయి రెండేళ్లయింది. తొందరలో తిప్పితే రింగు కదలదు, పట్టీ ఒక్కటే జారి తిరుగుతుంది. అయినా వారానికి మూడు పొద్దులు దీన్నే మెడలో వేసుకుని బయల్దేరుతున్నాను. లెన్సుల గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది పెట్టె తెరిచిన వారంలోనే రాసేస్తారు. ఐదు వానాకాలాలు తడిసి, ఐదు చలికాలాలు మంచు పట్టాక ఏం మిగులుతుందో చెప్పేవాళ్లు తక్కువ. నేను కొనేముందు అలాంటిది వెతికితే దొరకలేదు, అందుకే ఇప్పుడు నేనే రాస్తున్నాను.

కంపెనీ పేరు చెప్పను. 70 నుంచి 300 మి.మీ. దాకా (అంకె పెరిగేకొద్దీ దూరంవి దగ్గరికొస్తాయి) వెళ్లే ఎఫ్/4-5.6 తరహా (ఎఫ్ అంటే వెలుతురు వచ్చే రంధ్రం లెక్క, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) లెన్స్ కెమెరాలు చేసే దాదాపు ప్రతి కంపెనీ దగ్గరా ఉంది, స్వభావంలో అన్నీ అన్నదమ్ములే. నాదాంట్లో చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ ఉంది, వాన తట్టుకునే సీలింగ్ లేదు. కెమెరా క్రాప్ సెన్సర్‌ది, అంటే బొమ్మ పడే పలక ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సైజు కంటే చిన్నది, కాబట్టి 300 దగ్గర దృశ్యం ఫుల్ ఫ్రేమ్ మీద 450 పెట్టి చూసినంత దగ్గరికొస్తుంది. ట్రైపాడ్ వాడను. దారి కూడా ఎప్పుడూ ఒకటే: మట్టి బాట, పొలం గట్లు, ఒక చెరువు, దాని అవతల ముళ్ల పొదలు, మళ్లీ వెనక్కి. నాలుగు కిలోమీటర్లు. ఆగుతూ పోతాను కాబట్టి రెండు గంటలు పడుతుంది.

ముందు బరువు సంగతి, ఎందుకంటే నేను ఈ లెన్స్ కొన్నదే అందుకు. దీనికి ముందు నా దగ్గర ఒక 150-600 ఉండేది. అది ఒక్కటే రెండు కిలోలు. మొదటి వారం ఉత్సాహంగా మోశాను. రెండో వారం భుజం పట్టేసింది. మూడో వారం నుంచి "ఇవాళ మబ్బుగా ఉంది, రేపు చూద్దాం" మొదలైంది. లెన్స్ కొన్నది నడకలో ఫొటోలు తీద్దామని, తీరా అది వచ్చాక నడకే మానేశాను. ఆర్నెల్లకి అమ్మేశాను. ఇది ముప్పావు కిలో కూడా ఉండదు. మెడలో ఉన్న సంగతి మర్చిపోయి చెరువు దాకా వెళ్లిపోయిన రోజులున్నాయి.

అలాగని దీన్ని పిట్టల లెన్స్ అనుకుని కొంటే ఏడుస్తారు. చెరువు గట్టు మీద వంగిన ఒక ఎండు కొమ్మ మీద లకుముకి పిట్ట రోజూ వచ్చి కూర్చుంటుంది. నాకూ దానికీ మధ్య ఇరవై మీటర్లు. పిట్ట ఎత్తు పదిహేడు సెంటీమీటర్లకు మించదు. అంత దూరం నుంచి 300 పెట్టి తీస్తే ఫ్రేము ఎత్తులో అది ఆరో వంతు వస్తుంది. అంటే ఫొటోలో కొమ్మ, నీళ్లు, వెనక గడ్డి, మధ్యలో ఒక నీలం చుక్క. కత్తిరించి పెద్దది చేస్తే ఈకలు పిండిలా కనిపిస్తాయి. మొదటి ఏడాదంతా దీని మీద నాకు చిరాకే. తర్వాత పిట్టని ఫ్రేము నిండా నింపాలన్న పట్టుదల వదిలేసి, ఆ కొమ్మని, నీళ్లలో దాని నీడని, ఆ నీలం చుక్కని కలిపి తీయడం మొదలుపెట్టాను. అవి గోడకి తగిలించుకునేలా వచ్చాయి. కానీ నిజం చెప్పుకోవాలి కదా, 500 మి.మీ. చేతిలో ఉండుంటే నేనూ ఈకలే తీసేవాణ్ణి.

షార్ప్‌నెస్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. 70 నుంచి 200 దాకా లెన్స్ పూర్తిగా తెరిచి తీసినా బాగుంటుంది. 300 దగ్గర మెత్తబడుతుంది, ఎఫ్/8కి వస్తే సర్దుకుంటుంది. ఎఫ్/16 దాటితే మళ్లీ పాడవుతుంది, అది ఏ లెన్స్‌కైనా తప్పదు. నా ఫొటోల్లో సగానికి పైగా 300 దగ్గర తీసినవే, అంటే దీనికి చేతకాని చోటే నేను ఎక్కువ పని చేయించుకున్నాను.

ఈ లెన్స్ అసలు సత్తా నాకు తెలిసింది చలికాలంలో.

పొగమంచు పట్టిన పొద్దున కెమెరాని దాని మానాన వదిలేస్తే ఫొటోలన్నీ బూడిద రంగులో వస్తాయి. తెల్లటి మంచుని చూసి వెలుతురు ఎక్కువైందనుకుని అది తగ్గించేస్తుంది. ఫొటో వెలుతురుని మనం పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 దగ్గర పెట్టుకుంటే మంచు మంచులా వస్తుంది. ఆటోఫోకస్ కూడా అప్పుడు పిచ్చిదైపోతుంది. ముందుకీ వెనక్కీ గిరగిరా తిరుగుతుంది గానీ ఎక్కడా ఆగదు, పట్టుకోవడానికి దానికి ఒక గీత కావాలి మరి. చెట్టు మొదలు అంచు మీదో కంచె కర్ర మీదో ఫోకస్ పట్టి, అక్కడే ఆపి, ఫ్రేము జరుపుకుంటాను. ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయే చెట్ల వరసలు 70 నుంచి 135 మధ్యలో వచ్చినంత బాగా ఇంక దేనితోనూ రావు. దూరం వస్తువులు దగ్గర దగ్గరగా పేర్చినట్టు కనిపించడమే దానికి కారణం. ఫోన్‌తో అదే చోట తీసి చూశాను, సగం ఆకాశమే వచ్చింది.

చెట్లకంటే నన్ను కట్టిపడేసింది తూనీగ. చలి పొద్దుల్లో తూనీగలు గడ్డిపరకల్ని పట్టుకుని కదలకుండా ఉంటాయి. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కితేగాని ఎగరలేవు. ఎగిరేముందు రెక్కలు సన్నగా వణికిస్తాయి, ఆ వణుకు మొదలైందంటే మనకి ఇంక నిమిషమో రెండు నిమిషాలో. అంతదాకా ఎంత దగ్గరికెళ్లినా ఊరుకుంటాయి. ఈ లెన్స్ మీటరున్నర కంటే దగ్గర ఫోకస్ పట్టదు. ఆ దూరం నుంచి నాలుగు సెంటీమీటర్ల తూనీగ ఫ్రేములో సగానికి కాస్త తక్కువ వస్తుంది. చాలామందికి అది చాలు. నాకు చాల్లేదు, ప్లస్ 2 క్లోజప్ లెన్స్ కొన్నాను. ఫిల్టర్ లాగా ముందు బిగించేదే, కాకపోతే ఒంటి గాజుది కాకుండా రెండు గాజులు అతికించి చేసింది తీసుకోండి, ఒంటి గాజుతో అంచుల్లో రంగులు చీలిపోతాయి. అది బిగించాక దూరం అరమీటరుకు తగ్గిపోతుంది, తూనీగ ఫ్రేమంతా నిండిపోతుంది.

మొదటిసారి అలా చూసినప్పుడు షట్టర్ నొక్కడం మర్చిపోయాను. కళ్ల మీద గసగసాలంత మంచు బొట్లు, వరస తప్పకుండా. ఒక్కో బొట్టులో వెనకున్న గడ్డి తలకిందులుగా కనిపిస్తోంది. రెక్కల మీద గళ్లు గళ్లుగా ఉండే గీతల్లో కొన్ని గళ్లు నీటితో నిండి, కొన్ని ఖాళీగా ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుంటే ప్యాంటు తడిసిపోయింది, ఊపిరి బిగబట్టినా ఫ్రేము ఊగుతోంది. అంత దగ్గరలో ఎఫ్/8 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే. కన్ను బాగుంటే తోక పోతుంది, తోక బాగుంటే కన్ను పోతుంది. రెక్కలకి సమాంతరంగా కెమెరా నిలపడం నేర్చుకోడానికి ఒక చలికాలం పట్టింది. షట్టర్ 1/500 సెకను కావాలి, వెలుతురు అంతంత మాత్రం, కాబట్టి తక్కువ వెలుతురులో పెంచుకునే ఐఎస్‌ఓ 1600, ఒక్కోసారి 3200. ఫొటోలో గింజలు కనిపిస్తాయి. నాకు అభ్యంతరం లేదు.

స్టెబిలైజర్ ఉంది కదా, 1/500 ఎందుకని అడగొచ్చు. మన చెయ్యి వణికితే స్టెబిలైజర్ సర్దుతుంది, గాలికి గడ్డి ఊగితే అదేం చేయలేదు. రాయి, చెట్టు మొదలు లాంటివైతే 300 దగ్గర 1/60తో కూడా తీశాను, రెండింట్లో ఒకటి బాగా వస్తుంది. బటన్ సగం నొక్కి ఒక క్షణం ఆగాలి, కన్ను పెట్టి చూసే ఫైండర్‌లో బొమ్మ కుదురుకున్నాకే పూర్తిగా నొక్కాలి. ఈ ఆగడం అలవాటు లేక మొదట్లో చాలా పోగొట్టుకున్నాను.

ఇక వానలు. సీలింగ్ లేని లెన్స్‌తో వానలో తిరగడం టెన్షన్ వ్యవహారమే. లెన్స్ ముందు తగిలించే హుడ్ మీద నుంచి కెమెరా దాకా ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తాను, తుంపరకి అది సరిపోతుంది. వాన గట్టిగా పట్టుకుంటే అన్నీ సంచిలోకే. వాన వెలిసిన గంటలోపు బయటికెళ్లగలిగితే మాత్రం ఏడాది మొత్తం మీద అంతకంటే మంచి వెలుతురు ఉండదు. మబ్బు వల్ల నీడలు గట్టిగా పడవు, ఆకులన్నీ కడిగినట్టుంటాయి. అయితే తడి ఆకుల మీద తెల్లటి మెరుపు ఉంటుంది, పచ్చదనాన్ని అది మింగేస్తుంది. అక్కడ మెరుపుని తగ్గించే ఫిల్టర్, పోలరైజర్ కావాలి. దాన్ని వేలితో తిప్పుతుంటే మెరుపు కరిగిపోయి ఆకు అసలు రంగు బయటికి వస్తుంది. అది ఊరికే రాదు, ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాప్‌కి సగమైపోతుంది) తినేస్తుంది. అసలే ఎఫ్/5.6 లెన్స్, పైగా మబ్బు, ఐఎస్‌ఓ మళ్లీ పైకి. కొనేముందు ఇంకొకటి చూసుకోండి: కొన్ని పాత మోడళ్లలో ఫోకస్ అయినప్పుడల్లా లెన్స్ ముందు భాగం తిరుగుతుంది, దాంతో పోలరైజర్ కూడా తిరిగిపోతుంది. నాది తిరగదు, బతికిపోయాను.

తొలకరి పడ్డాక ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని ఆడినవాళ్లకి ఆ మఖమలు గుర్తుండే ఉంటుంది. ఫొటోలో ఆ మఖమలు రాదు. ఎర్రటి ప్లాస్టిక్ ముక్కలా వస్తుంది. లెన్స్ తప్పేమో అనుకున్నాను గానీ కాదు. అంత చిక్కటి ఎరుపుకి సెన్సర్‌లో ఎరుపు ఒక్కటే నిండి పొంగిపోతుంది, మిగతా లెక్కలన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్‌కి కాస్త తక్కువగా కిందికి దించి తీస్తే సన్నటి నూగు కనిపించింది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫు) విడివిడిగా చూసే సౌకర్యం ఉంటే అది పెట్టుకోండి, మామూలు దాంట్లో ఈ సంగతి తెలియదు.

నా పెద్ద తప్పు కూడా వానల్లోనే జరిగింది. మూడో ఏడు, ముసురు పట్టిన రోజుల్లో, తడిసిన సంచిలోనే కెమెరా, లెన్స్ పెట్టి జిప్పు వేసి బీరువాలో తోసేశాను. పని ఒత్తిడిలో నెలన్నర దాని మొహం చూడలేదు. తీసి టార్చి వేసి చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడు లాంటి పోగులు. ఫంగస్. మామూలు ఫొటోల్లో ఏమీ తెలియలేదు, ఎండకి ఎదురుగా తీస్తే మాత్రం మీద పాలు చల్లినట్టు వెలిసిపోయింది. విప్పి శుభ్రం చేయించాను. చాలావరకు పోయింది గానీ గాజు పూతని కాస్త కొరికేసిన చోట చిన్న మచ్చ ఉండిపోయింది. ఇందులో లెన్స్ తప్పేం లేదు. ఇప్పుడు బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు పెట్టాను. 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటాను. గుడ్డ సంచి ప్రయాణానికే గానీ దాచడానికి కాదు.

ఎండాకాలం గురించి రెండే మాటలు. పొద్దెక్కాక దూరంగా ఉన్నవి తీయకండి. నేల వేడికి గాలి కదిలి బొమ్మ నీళ్లలో చూసినట్టు వస్తుంది, లక్షల లెన్స్ పెట్టినా అంతే. ఆకులు రాలిన కొమ్మల్ని తెల్లవారుజామున ఆకాశానికి అడ్డంగా పెట్టి తీసుకుని ఇంటికొచ్చేయడం మేలు. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా ఉక్కలోకి తెస్తే గాజు మీద ఆవిరి పడుతుంది, సంచి మూసే ఉంచి అరగంట ఆగాలి.

అరిగినవాటి లెక్క: రబ్బరు పట్టీ సంగతి ముందే చెప్పాను. మూడో ఏడు నుంచి జూమ్ జారుతోంది. లెన్స్ కిందికి వేలాడుతూ నడుస్తుంటే దానంతటదే సాగి 300కి వచ్చేస్తుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు ఒకటి రింగు మీద సగం, గొట్టం మీద సగం వేస్తే ఆగుతోంది. సాగే గొట్టం కాబట్టి లోపలికి దుమ్ము కూడా వెళ్లింది, టార్చి వేస్తే కనిపిస్తుంది. ముందు గాజు వెనక ఉన్న ఆ నలుసులు ఫొటోలో పడవు, దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి. ఆకాశంలో మసక మచ్చలు కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్ము, వేరే కథ. మోటారు, స్టెబిలైజర్ ఈరోజుకీ ఒక్కసారి మొరాయించలేదు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోవచ్చు. వెనక నుంచి టార్చి వేసి ఫంగస్ చూడండి, 70 నుంచి 300 దాకా నెమ్మదిగా తిప్పి ఎక్కడైనా పట్టేస్తోందా చూడండి, స్టెబిలైజర్ ఆన్ చేసి ఫైండర్‌లో బొమ్మ ఎగిరిపడుతోందేమో చూడండి. పిట్టలే మీ లోకమైతే డబ్బు ఇంకొంచెం కూడబెట్టి పెద్దది కొనుక్కోండి. దారిలో ఏది కనిపిస్తే అది తీసేవాళ్లయితే ఇదీ, ఒక క్లోజప్ లెన్సూ చాలు, నా ఐదేళ్లు వాటితోనే గడిచాయి.

కొత్త రబ్బరు పట్టీ విడిగా దొరుకుతుంది, చూశాను. తూనీగలు గడ్డికి అతుక్కునే రోజుల లోపు వేయించాలి, చలికి బిగుసుకుపోయిన వేళ్లతో ఆ రింగు తిప్పడం నావల్ల కావడం లేదు.