పోర్కీ బూట్లా, డ్రూపీ టోపీనా?

ఐర్లండ్ జానపద కథల్లో లెప్రకాన్ అంటే బూట్లు కుట్టుకుంటూ, బంగారం కుండ దాచుకుని, దానికోసం వచ్చినవాళ్లని బురిడీ కొట్టించే పొట్టివాడు. వాడి మీద వచ్చిన పాత చేతిగీత కార్టూన్లలో ఒక్కటే చూసే టైముంటే, నేనైతే 1951లో చక్ జోన్స్ తీసిన ‘ద వేరింగ్ ఆఫ్ ద గ్రిన్’ పెట్టుకోమంటా.

డబ్లిన్ దారిలో వానకి చిక్కిన కార్టూన్ పంది పోర్కీ పిగ్ ఓ పాత కోటలో తలదాచుకుంటాడు, అక్కడి కాపలాదారు నిజానికి ఒకడి మీద ఒకడెక్కిన ఇద్దరు లెప్రకాన్లు, ఆ మనిషి కాస్తా రెండు ముక్కలుగా విడిపోతే పోర్కీ కళ్లు తిరిగి పడిపోవడంలో తప్పేముంది? ఆపైన విచారణ, బంగారం కొట్టేయడానికి వచ్చావని నేరం, శిక్షగా ఆకుపచ్చ బూట్లు. ఇక కాళ్లు వాటంతటవే ఆడుతూనే ఉంటాయి, వెనకాల బొమ్మలేమో పీడకలే. చెప్పులు కుట్టేవాడు వేసే శిక్ష బూట్లే కావడం నాకు భలే నచ్చింది (కావాలనే పెట్టారో లేదో మరి).

1958 నాటి ‘డ్రూపీ లెప్రకాన్’ మైకేల్ లా తీసింది, ఎంజీఎం స్టూడియో వాళ్లది. ఐర్లండ్‌లో ఆగిన పొట్టి కుక్క డ్రూపీ లెప్రకాన్ టోపీ పెట్టుకోగానే ఓ పెద్ద కుక్క అతన్ని లెప్రకాన్ అనుకుని వెంటపడుతుంది, అంతే కథ. నవ్వొస్తుంది గానీ ఐర్లండ్ సంగతి ఆ టోపీ దగ్గరే ఆగిపోయింది. భయపడే చిన్నపిల్లలు పక్కనుంటే మాత్రం డ్రూపీనే పెట్టండి.