పురుగు తొలిచిన బొక్కలు కూడా అచ్చు వేసి అమ్ముతున్నారు: పాత పుస్తకాలు కొనేవారికి హెచ్చరిక

అసలు పాత పుస్తకమని చెప్పి ఒకాయన నాకు నకలు అమ్మారు. నిన్న మధ్యాహ్నం నల్లగొండ రామగిరిలోని మా ఇంటికి వచ్చిన ఆ పార్సిల్ విప్పినప్పటి నుంచి ఈ నిమిషం దాకా నా కోపం తగ్గలేదు. తగ్గాక రాస్తే ఇంతకన్నా మర్యాదగా రాస్తానేమో గానీ, ఆ లోపల మీలో మరొకరు డబ్బు పంపిస్తారన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. ఆ అమ్మకందారు ఎవరో మీలో చాలామందికి తెలుసు. రోజూ రాత్రి ఎనిమిది దాటాక పాత పుస్తకాల ఫొటోలు పంపి, ప్రతి ఫొటో కింద ‘ఒక్కటే కాపీ, ముందు అడిగినవారికే’ అని రాసే పెద్దమనిషే. ఆయన పేరు నేను రాయను. ‘ఒక్కటే కాపీ’ అంటే చాలు, మీరు గుర్తుపడతారు.

మా ఏడుగురి పాత పుస్తకాల చదువు పందెం సంగతి మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నెలకు ఒక పుస్తకం చదవాలి, అది 1960కి ముందు అచ్చయినదై ఉండాలి, పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలతో దానికి ఏదో ఒక సంబంధం ఉండాలి, ఎంపిక వంతులవారీగా జరగాలి. వీటికి తోడు నేను పట్టుబట్టి చేర్పించిన నియమం ఒకటి ఉంది. ఏ నెల ఎవరు ఎంపిక చేస్తారో వారు ఆ పుస్తకపు పాత ముద్రణ ప్రతిని ఒక్కటైనా సంపాదించి, అందరి చేతుల్లోనూ పెట్టి చూపించాలి. చదవడానికి కొత్త ముద్రణ ఉన్నా సరే, తాకడానికి పాతది ఉండాలని నా చాదస్తం. ఆ చాదస్తమే కొంప ముంచింది.

ఈ నెల వంతు నాది. నల్లగొండ నుంచే 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నడిపిన నీలగిరి పత్రిక సంచిక ఏదైనా దొరికితే చాలని మొదట అనుకున్నాను గానీ, పత్రిక పుస్తకం కిందికి రాదని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. దేవరకొండ అన్న తమ ఊళ్లో 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగిన, నిజాం రాజ్యంలోని తెలుగువారి రెండవ ఆంధ్ర మహాసభకు సంబంధించిన ప్రచురణ ఏదైనా చదువుదామన్నారు. సూర్యాపేట సారు వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ అన్నారు. పాలమూరు చెల్లె సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అన్నది. 1949లో వచ్చి, తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారాన్ని 1955లో అందుకున్న ఆ పుస్తకం మీద నాకు గౌరవం లేక కాదు, మా ఏడుగురిలో అయిదుగురి ఇళ్లలో ఏదో ఒక ముద్రణ ఉండనే ఉంది కాబట్టి వద్దన్నాను.

నా మనసు మొదటి నుంచీ అదే ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ మీద ఉంది. తెలంగాణలో కవులే లేరన్నట్టు ఒకాయన రాసిన మాటకు, వాదనకు దిగకుండా, తాను 1926 నుంచి నడుపుతున్న గోలకొండ పత్రిక అండతో 354 మంది కవులను ఒక్కచోట చేర్చి జవాబు చెప్పిన పుస్తకం అది. కలిసి చదివేవారికి అంతకన్నా అనువైనది మరొకటి నాకు తోచలేదు. నవలైతే ఒకరు వారంలో ముగించి కూర్చుంటారు, మరొకరు నెలాఖరుకూ మొదటి ప్రకరణం దాటరు. ఇక్కడ ఆ బాధ లేదు. ఏడుగురికి పంచితే తలకు యాభై మంది కవులు, మిగిలిన నలుగురు నా ఖాతాలో. ఎవరి వాటాలో ఎవరి ఊరి కవి పడతాడో చూడాలన్న సరదా వేరు. అందరూ ఒప్పుకున్నారు. పునర్ముద్రణ ప్రతి మా కళాశాల గ్రంథాలయంలో ఉంది కాబట్టి చదువుకు ఇబ్బంది లేదు, ఇక తాకడానికి పాత ప్రతి ఒక్కటి దొరకాలి.

సరిగ్గా అప్పుడే, నా కోసమే కాచుకున్నట్టుగా, ఆ ఫొటో వచ్చింది. గోధుమ రంగు అట్ట, ఎడమ వైపు కింది మూల చిరిగి ఉంది, అట్ట మీద కుడివైపు చింతగింజంత సిరా మరక. లోపలి పేజీ ఫొటోలో పురుగు తొలిచిన మూడు బొక్కలు వరుసగా ఉన్నాయి. నాలుగు వేల రెండు వందలు అన్నారు. బేరమాడి మూడు వేల అయిదు వందలకు దించి, అది నా ఘనకార్యమని మురిసిపోయాను. తలా అయిదు వందలు వేసుకున్నాం. డబ్బు పంపేముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, ఇది 1934 నాటి అసలు ప్రతియేనా అని. ఆయన జవాబు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “వంద శాతం ఒరిజినల్ మేడమ్. డౌటుంటే పుర్గులు తిన్న బొక్కలు చూడుండ్రి.” చూశాను. ఫోనులో పేజీని పెద్దది చేసి మరీ చూశాను. ఆ బొక్కలను నమ్మి డబ్బు పంపాను.

నిన్న పార్సిల్ విప్పగానే అట్టను చూసి ఒక్క క్షణం సంతోషించిన మాట నిజం. అదే గోధుమ రంగు, అదే చింతగింజంత మరక. వేలు పెడితే మూల చిరిగి లేదు, చిరిగినట్టుగా అచ్చయి ఉంది. అంటే అసలు పుస్తకపు అట్టను ఫొటో తీసి, దాన్ని దళసరి కాగితం మీద రంగుల్లో అచ్చు తీసి అంటించారన్నమాట. లోపలికి పోయి ఆ బొక్కల పేజీ వెతికాను. మూడు బొక్కలూ ఉన్నాయి, నల్లటి చుక్కలై. వేలితో రాస్తే కాగితం నున్నగా జారిపోయింది. పురుగు తొలిచిన బొక్క కాగితానికి ఆ వైపు నుంచి ఈ వైపుకు పోవాలి కదా. ఇక్కడ పేజీ తిప్పితే బొక్కలు అర అంగుళం పక్కకు జరిగి ఉన్నాయి. తొంభై ఏళ్ల కిందటి పురుగు అంత వంకరగా నడిచిందని నమ్మేటంత అమాయకురాలిని నేను ఆ ఫొటో చూసిన రోజున మాత్రమే.

ఊదా రంగులో ఉండాల్సిన గ్రంథాలయపు గుండ్రని ముద్ర నల్లగా, మసకగా పడింది. ఎవరో పెన్సిలుతో గీసుకున్న గీతలు కూడా యంత్రపు నలుపులోనే ఉన్నాయి. ఒక పేజీ అంచున, స్కాన్ చేస్తున్నప్పుడు పుస్తకాన్ని పట్టుకున్న మనిషి బొటనవేలి నీడ గోరుతో సహా అచ్చయింది. ఆ వేలి మీద నాకేమీ కోపం లేదు, ఆ మనిషి తన పని తాను చేశాడు. పాత పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన పుణ్యాన్ని తెచ్చి ఇలా మూడు వేల అయిదు వందలకు అమ్ముకున్న వారి మీదే నా కోపమంతా. పేజీల అంచులు మాత్రం పసుపు పచ్చగా ఉండటంతో, అదెలా చేశారా అని తిప్పి తిప్పి చూస్తుంటే, మా అత్తమ్మ దగ్గరికొచ్చి వాసన చూసి, “చాయ్ పొడి వాసనొస్తున్నది గదనే” అని తేల్చేసింది. అంచులు డికాషన్‌లో ముంచి ఆరబెట్టారు. నడిమి కాగితం నిన్నగాక మొన్న రీము విప్పినంత తెల్లగా ఉంది.

ఇంతవరకూ మోసమే. మోసం జరిగిన తర్వాతి మాటలు నన్ను ఇంకా నిద్ర పోనివ్వడం లేదు. ఆ అమ్మకందారు మూడోసారికి ఫోన్ ఎత్తారు. అరవలేదు, తిట్టలేదు. ఇది స్కాన్ నుంచి తీసిన నకలు కదండీ, అసలు ప్రతి అని ఎందుకు చెప్పారని మాత్రమే అడిగాను. కాదని బుకాయిస్తారనుకున్నాను, పొరపాటున వేరే పార్సిల్ వచ్చిందని చెబుతారనీ అనుకున్నాను. ఆయన ఆ శ్రమ కూడా తీసుకోలేదు. “మేడమ్, మీరు సదువుకునేటందుకే గదా తీసుకున్నది? అక్షరాలన్నీ ఉన్నయి గదా? ఇంక పుర్గులు తిన్న బొక్కలతోని మీకేం పని?” అన్నారు. ఆ బొక్కలు చూడమని నాకు చెప్పింది మీరే కదా అంటే, “చూడుమన్న. పంపిస్తనంటినా?” అని నవ్వారు. ఆ నవ్వు కూడా గట్టిగా కాదు, చిన్నపిల్లల అల్లరికి పెద్దవాళ్లు ముసిముసిగా నవ్వినట్టు. డబ్బు వెనక్కి పంపండి, పుస్తకం తిరిగి పంపిస్తానన్నాను. “గంత పాతదే కావాల్నంటే మ్యూజియంకు పోవాలె మేడమ్, మూడున్నర వేలకు వస్తదా?” అని పెట్టేశారు. అంటే ఆ ధరకు అసలు ప్రతి రాదన్న సంగతి అమ్మేనాడే ఆయనకు తెలుసు, నాకే తెలియలేదు. ఆ తర్వాత నేను పంపిన సందేశాలన్నీ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి, ఆయన ముఖచిత్రం మాయమైంది.

రాత్రి ఎనిమిదింటికి పాలమూరు చెల్లె ఫోన్ చేసింది. ఆమె ఫోనుకు అదే ఫొటో మళ్లీ వచ్చిందట, అదే చిరుగు, అదే మరక, కింద అదే మాట: ‘ఒక్కటే కాపీ.’

నన్ను నేను ఎంత తిట్టుకున్నా తక్కువే. ఇరవై రెండేళ్లుగా తెలుగు పాఠం చెబుతున్నాను. పుస్తకం చేతికి రాగానే ముందు ముద్రణ వివరాల పేజీ చూడాలని ప్రతి సంవత్సరం కొత్త పిల్లలకు చెప్పే మనిషిని, ఆ ఒక్క పేజీ ఫొటో పంపమని అడగలేదు. పుస్తకం నిలువు ఎంత, వెడల్పు ఎంత, కుట్టు ఎలా ఉంది, ఏదీ అడగలేదు. బేరం కుదిరిన ఆనందంలో అడగాల్సినవన్నీ మరిచి, చిల్లర ఏడు వందలు తగ్గించుకున్నందుకు మా ఆయన ముందు గొప్పలు పోయాను. నా నియమం, నా ఎంపిక, నా బేరం కాబట్టి మిగిలిన ఆరుగురి అయిదు వందలూ ఈ ఉదయమే వారికి తిరిగి పంపించాను. సూర్యాపేట సారు వద్దంటూ, తమ ‘ప్రజల మనిషి’ని ఎంచుకుని ఉంటే ఈ గోల ఉండేది కాదు కదా అని మాత్రం అనకుండా ఉండలేకపోయారు. అనడానికి ఆయనకు హక్కుంది. నకిరేకల్ పక్కన చెరువు మాదారంలో పుట్టిన ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారని పెద్దలు చెప్పగా విన్నాం. మన కాలపు పుస్తక విక్రేతకు అంత కష్టం లేదు, చాయ్ పొడి ఉంటే చాలు.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి, లేకపోతే నకళ్లు అమ్మేవారందరినీ నేను తప్పుపడుతున్నానని అనుకుంటారు. దొరకని పుస్తకానికి శుభ్రమైన నకలు తీసి, ఇది నకలు అని చెప్పి, దానికి తగ్గ ధర అడిగితే నేనే నాలుగు కొని పంచేదాన్ని. ఈ కట్టను మా ప్రకాశం బజారులో జెరాక్స్ తీయించి బైండు చేయించినా నేను ఇచ్చిన డబ్బులో మూడో వంతు కూడా అయ్యేది కాదు. పైగా వీరి నకలు శుభ్రంగా కూడా లేదు. కొన్ని పేజీల్లో ఆఖరి పంక్తి సగానికి తెగిపోయింది. పద్యంలో నాలుగో పాదం తెగితే మిగిలిన మూడు పాదాలతో ఏం చేసుకోవాలో, అక్షరాలన్నీ ఉన్నాయి గదా అన్న ఆ పెద్దమనిషే చెప్పాలి.

కొనదలచుకున్నవారు ఇవి చూసుకోండి. ఫొటో కాదు, పేజీలు తిప్పుతున్న వీడియో అడగండి, ఒక పేజీని వెలుతురుకు అడ్డంగా పట్టి చూపమనండి. బొక్క నిజమైతే వెలుగు కనిపిస్తుంది. ఆ కాలపు పుస్తకాలు సీసపు అక్షరాలు కూర్చి అచ్చు వేసినవి కాబట్టి పేజీ వెనుక వేలితో తడిమితే చాలాసార్లు అక్షరాల ఒత్తు తెలుస్తుంది. ఫారాలను, అంటే మడిచిన కాగితాల కట్టలను, దారంతో కుట్టారా, లేక వీపు మీద జిగురు పూశారా అన్నది కూడా చూడండి. వీలైతే ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌కు పోయి, ఫుట్‌పాత్ మీద కూర్చుని, చేతితో ముట్టుకుని కొనుక్కోండి. మోసపోయాక చేయాల్సిన పని ఒకటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడం. వినియోగదారుల ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. నేను రెండింటికీ చేశాను, మాటల స్క్రీన్‌షాట్లు దాచుకున్నాను. మీరూ ఆ ఫొటో వస్తే చెరపకుండా దాచి నాకు పంపండి, ఎంతమందికి ‘ఒక్కటే కాపీ’ అమ్మారో లెక్క తేలుతుంది.

ఎంపిక మారదు. వచ్చే ఆదివారం పునర్ముద్రణ ప్రతి నుంచే ఎవరి యాభై మందిని వారు చదువుతారు. నా నలుగురు అదనపు కవులను కూడా నేనే చదువుతాను, శిక్షగా ఇంకో పది మందిని ఇచ్చినా కాదనను.

ఇంకొక్క మాట. అట్ట ఫొటో తీశారంటే అసలు పుస్తకం ఎక్కడో ఉండే ఉండాలి. ఎడమ వైపు కింది మూల చిరిగి, కుడివైపు చింతగింజంత సిరా మరక ఉన్న ‘గోలకొండ కవుల సంచిక’ ఎవరింటి బీరువాలోనైనా, ఏ ఊరి గ్రంథాలయంలోనైనా మీ కంటబడితే చెప్పండి. అమ్మమని అడగం. ఏడుగురం వచ్చి, అక్కడే కూర్చుని, ఆ మూడు బొక్కల్లోంచి వెలుతురు చూసి వెళ్లిపోతాం.