బడ్జెట్ సీటులో ఎక్సెల్: హెడ్ ఆఫ్ అకౌంట్ దగ్గరే అసలు పరీక్ష

శాఖాధిపతి కార్యాలయంలో బడ్జెట్ సీటు చూసేవాళ్లకు ఏడాది పొడవునా చేతిలో ఉండేది ఎక్సెలే. ప్రభుత్వ ఆర్థిక లెక్కల ఆన్‌లైన్ వ్యవస్థలు, ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎంఎస్ అయినా, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్ అయినా, తేలిన అంకెను ఎక్కించే చోట్లు. ఆ అంకె ఎంతో తేలేది మాత్రం ఎక్సెల్ షీటులోనే. అకౌంట్స్ 2024-25 (అసలు ఖర్చు), బీఈ 2025-26 (బడ్జెట్ అంచనా), ఆర్‌ఈ 2025-26 (సవరించిన అంచనా), బీఈ 2026-27 అని నాలుగు కాలమ్‌లు పక్కపక్కన పెట్టుకుని, ఏ హెడ్‌లో (ఖర్చు పద్దులో) ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అని చూడటానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు కనబడదు. వరుసలను కావలసినట్టు గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్ ఒక్కటి చాలు, దీనికి మంచి మార్కులు వేయడానికి. కానీ మన హెడ్ ఆఫ్ అకౌంట్‌కీ, అంటే ప్రతి పద్దుకూ ఉండే కోడ్ నంబరుకీ, ఎక్సెల్‌కీ పుట్టుకతోనే పడదు. ఆ సంగతి తెలియకుండా వాడితే టోటల్ తప్పుతుంది, తప్పిందని కూడా తెలియదు.

ఆంధ్రప్రదేశ్ పద్ధతిలో హెడ్ ఇలా ఉంటుంది: మేజర్ హెడ్ 4 అంకెలు, సబ్ మేజర్ 2, మైనర్ 3, గ్రూప్ సబ్ హెడ్ 2, సబ్ హెడ్ 2, డిటెయిల్డ్ హెడ్ 3, సబ్ డిటెయిల్డ్ 3. మొత్తం 19. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే గుర్తుంచుకుంటుంది, మిగతావి సున్నాలు చేసేస్తుంది. ఉదాహరణకు 2202-01-101-00-04-010-011 అనే హెడ్‌ను గీతలు లేకుండా కొడితే 2202011010004010011 కాస్తా 2202011010004010000 అయి కూర్చుంటుంది. అంటే పే (011), డీఏ (013), హెచ్‌ఆర్‌ఏ (016) మూడూ ఒకే నంబరైపోతాయి.

సెల్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకుంటే నంబరు చెడదు. అయినా గండం గడిచినట్టు కాదు. ఒక హెడ్‌కు సరిపోయే వరుసలను కూడే సమ్‌ఇఫ్, లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములాలు టెక్స్ట్‌గా ఉన్న అంకెలను కూడా సంఖ్యలుగానే భావించి, మొదటి 15 అంకెలే పోల్చి చూస్తాయి. పే 40 లక్షలు, డీఏ 12 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ 5 లక్షలు అనుకోండి. ఒక్కో హెడ్‌కు సమ్‌ఇఫ్ పెడితే మూడు వరుసల్లోనూ 57 లక్షలే వస్తుంది. కింద టోటల్ 171 లక్షలు. ఎర్రర్ అని ఎక్కడా రాదు, సెల్ రంగు మారదు. ఫోన్లు, ఇతర ఆఫీసు ఖర్చులు, నీళ్లు, కరెంటు ఉండే 131, 132, 133 హెడ్‌లకూ ఇదే గతి.

దీనికి మందు చాలా చిన్నది. హెడ్‌ను ఎప్పుడూ గీతలతోనే రాయాలి. గీత పడగానే అది సంఖ్య కాకుండా పోతుంది, సమ్‌ఇఫ్ సరిగ్గా పనిచేస్తుంది. గీతలు లేని డేటాయే చేతికొస్తే సమ్‌ఇఫ్ మానేసి, సమ్‌ప్రొడక్ట్‌లో సమానం గుర్తుతో పోల్చాలి, అది మొత్తం 19 అంకెలూ చూస్తుంది. అయితే గీతలు పూర్తి హెడ్‌కే. గ్రూప్ సబ్ హెడ్, సబ్ హెడ్ మాత్రమే తీసి 11-05 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. ఆ కాలమ్‌ను ముందుగానే టెక్స్ట్ చేయాలి.

సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైల్) డౌన్‌లోడ్ అయ్యాక దాని మీద డబుల్ క్లిక్ చేయకండి. తెరుచుకునేసరికే చివరి నాలుగు అంకెలు పోయి ఉంటాయి. తర్వాత కాలమ్‌ను టెక్స్ట్ చేసినా తిరిగి రావు. ఆ స్థితిలో సేవ్ కొడితే అసలు ఫైల్ కూడా పోయినట్టే. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైల్‌గా తెచ్చుకుని, హెడ్ కాలమ్‌కు టెక్స్ట్ అని చెప్పాలి. ఈ ఒక్క విషయంలో లిబ్రే ఆఫీస్ క్యాల్క్ మెరుగు. దానికీ 15 అంకెల హద్దు ఉంది గానీ, సీఎస్‌వీ తెరిచే ముందే ఏ కాలమ్ ఏ రకమో అడుగుతుంది. పైగా ఉచితం.

జీతాల అంచనాకు, అంటే నంబర్ స్టేట్‌మెంట్‌కు, ఎక్సెల్ బంగారం లాంటిది. కాకపోతే ఫార్ములా మన లెక్క ప్రకారం నడవాలి. మార్చి జీతం ఏప్రిల్‌లో ఇస్తారు కాబట్టి బడ్జెట్ ఏడాదికి మార్చి నుంచి ఫిబ్రవరి దాకా 12 నెలలు. 2022 ఆంధ్రప్రదేశ్ స్కేళ్లలో 36,590 మూల వేతనం ఉన్న ఉద్యోగికి అక్టోబరులో ఇంక్రిమెంట్ పడితే తర్వాతి మెట్టు 37,670. పాత వేతనం మీద ఏడు నెలలు, కొత్త దాని మీద ఐదు నెలలు, మొత్తం 4,44,480 రూపాయలు. ఏప్రిల్ నుంచి లెక్కేస్తే ఆరు, ఆరు నెలలై 4,45,560 వస్తుంది. తేడా సరిగ్గా ఒక ఇంక్రిమెంట్, 1,080. ఒక్కరి దగ్గర చిన్నదే, వేలమంది ఉన్న శాఖలో లక్షలకు చేరుతుంది. ఇంక్రిమెంట్‌ను శాతంగా కలపొద్దు. మాస్టర్ స్కేలు మెట్లన్నీ ఒక షీటులో వరుసగా రాసి, ఇండెక్స్, మ్యాచ్‌లతో ప్రస్తుత మెట్టును వెతికి, దాని కింది వరుస తీసుకోవాలి. డీఏ రేటు ఒకే ఒక్క సెల్‌లో ఉండాలి. ప్రతి వరుసలోనూ రేటు కొట్టి ఉన్న షీటులో, రేటు మారిన రోజున ఏదో ఒక వరుస పాతదే మిగిలిపోతుంది. ఇలా వెతకడానికి ఎక్స్‌లుకప్ ఫార్ములా సులువే కానీ 2016, 2019 వెర్షన్లలో పనిచేయదు. జిల్లా ఆఫీసులకు పంపే ఫైల్‌లో దాన్ని పెట్టకపోవడమే మంచిది.

టాలీ కాకపోవడానికి ఇంకో కారణం, వేల రూపాయల్లో చూపించడం. 4,600 రూపాయల వరుసలు మూడుంటే తెర మీద 5, 5, 5 కనబడి కింద 14 వస్తుంది. ప్రతి వరుసకూ రౌండ్ ఫార్ములా పెట్టి, ఆ తర్వాతే కూడాలి. కనబడినంతే నిజమైన విలువగా ఉంచే ఆప్షన్ ఒకటి సెట్టింగుల్లో ఉంది. దాని జోలికి వెళ్లకండి, అసలు రూపాయలు శాశ్వతంగా పోతాయి. మైనర్ హెడ్, మేజర్ హెడ్ టోటళ్లకు సమ్ బదులు సబ్‌టోటల్ 9 వాడితే గ్రాండ్ టోటల్‌లో రెండోసారి కలవవు, ఫిల్టర్ పెట్టినప్పుడు కనబడే వరుసలే కూడుతుంది.

లక్షలు, కోట్ల కామాలకు విండోస్ రీజియన్‌ను ఇంగ్లిష్ (ఇండియా) చేస్తే చాలు. కస్టమ్ ఫార్మాట్‌తో తెచ్చుకోవచ్చు గానీ, మామూలుగా వాడే రెండు షరతుల ఫార్మాట్ మైనస్ అంకెలకు వర్తించదు. సరెండర్ (మిగిలిన నిధులు వెనక్కి ఇవ్వడం), రీఅప్రాప్రియేషన్ (ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మార్చడం) స్టేట్‌మెంట్లలో మైనస్‌లే ఎక్కువ కాబట్టి రీజియన్ మార్చడమే మేలు.

డీడీఓల (జీతాలు, బిల్లులు డ్రా చేసే అధికారుల) నుంచి షీట్లు తెప్పించి కలపడం ఎక్సెల్ బలహీనత. డ్రాప్‌డౌన్ పెట్టి పంపినా, ఎవరైనా వేరేచోటి నుంచి పేస్ట్ చేస్తే ఆ డ్రాప్‌డౌన్ చెరిగిపోతుంది. మెర్జ్ చేసిన సెల్ ఒక్కటున్నా సార్ట్ మొరాయిస్తుంది. అందుకే వచ్చిన ప్రతి షీటునూ మాస్టర్ హెడ్‌ల జాబితాతో మ్యాచ్ చేసి, దొరకని హెడ్‌లను ముందు పక్కకు తీయాలి. డీడీఓ టోటల్‌ను కాగితం మీది సంతకం టోటల్‌తో సరిచూశాకే కలపాలి. పేర్లు యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్ ‘అను’లో టైప్ చేసి పంపితే వెతకడమూ కుదరదు, వరుసలో పెట్టడమూ కుదరదు. యూనికోడ్‌లోనే కావాలని మెమోలోనే రాయాలి.

కొత్తగా సెక్షన్‌కు కొనేవాళ్లకు నా సలహా: అంచనాలు, పివట్‌లు చేసే ఒకటి రెండు సీట్లకు ఎక్సెల్ తీసుకోండి. సీఎస్‌వీలు తెరిచి చూడటానికీ, డీడీఓ ఫారాలు నింపడానికీ క్యాల్క్ సరిపోతుంది.